నాలుగు వేళ్ళ ఎత్తు పెంచిన బండి

సగం జీవితం టైర్లు అమ్ముతూ గడిపాను. టైరు విప్పి బిగించడం మాత్రం నాకు ఇప్పటికీ రాదు. జాకీ ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే మా ఫిట్టరు ముఖం చూసేవాణ్ణి. నా పనంతా నోటితో. అమలాపురంలో మా కొట్టు మెట్లెక్కిన మనిషి ఉత్తచేతులతో దిగకుండా చూడాలి, కొన్నాక ఏడుస్తూ దిగకుండానూ చూడాలి. దానికే నాకు జీతం.

రాజోలులో మా నాన్నగారిది కిరాణా కొట్టు. మేనమామది బట్టల కొట్టు. పెదనాన్నగారివి ఇత్తడి సామాన్లు. మా ఇళ్ళల్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వచ్చేది. అన్నప్రాశన నాడు నా ముందు పుస్తకం, బంగారం, కత్తి, పువ్వులు పెడితే నేను దేన్నీ ముట్టుకోకుండా చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నానట. ఏది చవగ్గా వస్తుందో కనుక్కుంటున్నాడని మేనమామ అన్నాడని అమ్మ చనిపోయేదాకా చెప్పి నవ్వేది.

ఇప్పుడు ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పికప్ బండ్లకు పెద్ద టైర్లు వెయ్యడం, బండిని కాస్త ఎత్తు చెయ్యడం ఈ రోజుల్లో బాగా నడుస్తున్న పని. కొనేవాళ్ళు ఫోన్లో ఏదో కొండల మీద బండి వీడియో చూపించి నాకూ ఇలాగే కావాలంటారు. మన కోనసీమలో కొండ ఎక్కడుందని నేను అడగను. అడిగితే బేరం పోతుంది. ఈ కుర్రాళ్ళకు మాత్రం ఒక బండి సంగతి చెబుతాను. నేను కొట్టు మానడానికి కొంచెం ముందు జరిగింది. నా మాటకారితనం ఎంత ఎత్తుకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలిసింది ఆ బండి వల్లే.

ఒక ఎండాకాలం పొద్దున్న భార్యాభర్తలిద్దరు పాత పికప్ ఒకటి తెచ్చి మా కొట్టు ముందు ఆపారు. ఆయన పొడుగ్గా, ఎండకు మాడిన మనిషి. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపి వచ్చాడు. మాట బహు తక్కువ. ఆవిడది కొత్తపేట వైపు. ఆయన మిగిల్చిన మాటలన్నీ ఆవిడ దగ్గరే ఉన్నట్టుండేవి. నన్ను చూడగానే బాబాయిగారూ అని పిలిచి, కూర్చోమనకుండానే కూర్చుని, గోడకు ఆనించి ఉన్న టైర్లన్నీ ఒకసారి కలియజూసి, అన్నిటికంటే మంచిదాన్ని చూపించి, ఇది పాత సరుకా అండీ అని అడిగింది. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. బట్టల కొట్టుకు అలాంటి వాళ్ళు వస్తే ఆయన ముందు మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చునేవాడు.

వాళ్ళకు కావలసింది ఇది. అంతర్వేది దగ్గర బోట్లు ఆగే ఒకచోట ఒడ్డుకూ తారు రోడ్డుకూ మధ్య బోలెడంత ఇసుక. పికప్‌లు రోడ్డు మీదే ఆగిపోతాయి. ఆడవాళ్ళు చేపల తట్టలు తలకెత్తుకుని ఆ ఇసుకంతా దాటి రోడ్డు దాకా మోసుకొస్తారు. బండి బోటు దాకా రాగలిగితే ఈ సీజను లోడంతా నీదేనని ఒడ్డున చేపలు వేలంలో పాడుకునే ఒక పెద్ద పాటదారు ఆయనకు మాటిచ్చాడు. రాలేకపోతే ట్రాక్టరు వాడికి ఇచ్చేస్తాడు. ఈయన రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ సన్నటి టైర్లు ఇసుకలోకి దిగిపోవడం, బండి పొట్ట ఆనిపోవడం, అదే ట్రాక్టరు వచ్చి తాడు కట్టి లాగడం.

నేను పెద్ద టైర్లు చూపించాను. మామూలు వాటికంటే ఒక సైజు ఎక్కువ, వెడల్పూ ఎక్కువ. అవి పెడితే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటాయి కాబట్టి బండిని కొంచెం ఎత్తాలి. మరీ ఎక్కువ ఎత్తితే రోడ్డు మీద రవాణా శాఖ వాళ్ళు ఊరుకోరు, బండీ ఊరుకోదు. ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి, కొద్దిగా లేపితే చాలు. ఇదంతా ఆవిడ శ్రద్ధగా విని, ధర వినగానే లేచి నిలబడింది.

బేరంలో చెప్పుల దాకా వెళ్ళి వెనక్కి చూసేవాళ్ళుంటారు. బండి దాకా వెళ్ళి చూసేవాళ్ళుంటారు. ఆవిడ భర్తను బండెక్కించి స్టార్ట్ చేయించి వెళ్ళిపోయింది. వెనక్కి చూస్తుందని నేనూ కాసేపు లెక్కలు చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. చూడలేదు. అప్పుడు పరువు పక్కన పెట్టి మోపెడ్ తీశాను. గడియార స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో బండి దొరికింది. ఆయన నిమ్మసోడా తాగడానికి దిగాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఇంకొంచెం తగ్గిస్తానని మొదలుపెట్టబోయాను. ఆవిడే ఆపింది.

"బాబాయిగారూ, ధర సంగతి ఉంచండి. ఈయన పాస్‌పోర్టు రాజోలు ఏజెంటు దగ్గరుందండి. పాత కంపెనీ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. బండి ఇసుక దాటితే ఈయన ఇక్కడుంటారు. దాటకపోతే వెళ్ళిపోతారు. మీ టైర్లు దాటతాయో దాటవో, ఆ మాట ఒక్కటీ చెప్పండి."

అవసరాన్ని అమ్మేవాడికి చూపించకూడదనేది మా ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆవిడకు అంతకంటే బాగా తెలుసు. తెలిసీ చూపించింది. నేను ఎప్పుడూ అనని మాట నా నోట్లోంచి వచ్చింది. ఇసుకలో దిగబడితే టైర్లు వెనక్కి తీసుకుంటామన్నాను.

కొట్టుకు తిరిగొచ్చి ఈ సంగతి చెబితే మా షావుకారుగారు చదువుతున్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నోరు మీదండీ, టైర్లు నావి" అన్నారు. అంతే అన్నారు. మంచివారు కాబట్టి అంతటితో ఊరుకున్నారు.

పని మొదలైంది. మా కొట్టుకు ఎదురుగా కమాన్లు కట్టే మేస్త్రి ఉండేవాడు. రెండు వేళ్ళ మందం దిమ్మలు చాలునన్నాడు. ఆయన, అంటే ఆ గల్ఫ్ మనిషి, ఇంకా ఎత్తు కావాలన్నాడు. ఎడారిలో తాను చూసిన బండ్లు ఎంతెంత ఎత్తున ఉంటాయో చేత్తో చూపించాడు. అందరూ నావైపు చూశారు. మాటిచ్చినవాణ్ణి నేను. ఎత్తు పెరిగితే నా మాట భద్రంగా ఉంటుందనిపించింది. నాలుగు వేళ్ళు వెయ్యమన్నాను. మేస్త్రి కాలవ గట్ల మీద మలుపుల్లో బండి ఊగుతుందని భయపడ్డాడు. ఫిట్టరు మడ్‌గార్డు గురించి భయపడ్డాడు. షావుకారుగారు నా నోటి గురించి భయపడ్డారు. అందరివీ మంచి భయాలే. ఒక్కటీ అసలు సంగతికి సంబంధించింది కాదు.

బండి తయారయ్యాక చూడముచ్చటగా ఉంది. కొత్త పెళ్ళికొడుకు కుర్చీలో ఒక అంగుళం ఎత్తున కూర్చున్నట్టు కూర్చుంది. కాలవ గట్టు మీద తిప్పారు, ఊగలేదు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పారు, రాసుకోలేదు. గోదావరి ఇసుక ర్యాంపు దగ్గర దింపి ఎక్కించారు, ఎక్కింది. మేస్త్రి కూడా బాగుందని ఒప్పుకున్నాడు. ఆవిడ బండి చుట్టూ తిరిగి, ఒక టైరు మీద ఉన్న గీతను చూపించి దానికి కొంత తగ్గించింది.

వేట నిషేధం ముగిసి బోట్లు మొదటిసారి చేపలతో తిరిగొచ్చే రోజు, మా షావుకారుగారు నన్నూ ఫిట్టరునూ అంతర్వేది పంపారు. మీ మాట ఎలా నడుస్తుందో మీరే చూసి రండన్నారు. మేం వెళ్ళేసరికి ఒడ్డంతా జనం. పాటదారు గొడుగు కింద నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. సరుకు తీసుకుపోయే అతని ఐసు లారీ తారు రోడ్డు మీద ఎదురుచూస్తోంది. ఆ ట్రాక్టరు కూడా ఒక పక్కన ఉంది. దాని డ్రైవరు మా బండి టైర్లను చూసి తాడు తీసి సీటు మీద పెట్టుకున్నాడు.

భార్యతో పాటు బండి దిగి, గల్ఫ్ ఆయన టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. గాలి మేం ఉచితంగా పెట్టామని చులకనా అండీ అన్నాను. ఆయన అంతకుముందెప్పుడూ లేనంత పెద్ద మాట మాట్లాడాడు. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుందని, ఇసుక మీద పరుచుకున్నదే నడుస్తుందని, ఎడారిలో అందరూ ఇలాగే చేస్తారని. తర్వాత ఎక్కి, మొదటి గేరులో, కంగారు లేకుండా పోనిచ్చాడు. బండి గడపలో కాలు పెట్టిన ముసలాయనలా నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా, ఇసుకంతా దాటి బోటు పక్కన ఆగింది. ట్రాక్టరు డ్రైవరు తాడు మళ్ళీ చుట్టుకున్నాడు. నేను మా షావుకారుగారికి ఫోన్ చేసి, నోరూ టైర్లూ రెండూ క్షేమమని చెప్పాను. తొందరపడ్డాను.

తట్టలు తలమీద పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా వచ్చారు. వాళ్ళకు ముందు నడిచే పెద్దావిడను అందరూ అక్క అని పిలుస్తున్నారు. చేపల తట్ట ఒకసారి తలకెత్తాక మధ్యలో ఇసుక మీద దింపరు. దింపితే చేపకు ఇసుక పడుతుంది, పాటదారు ధర కోస్తాడు. తల మీది నుంచి నేరుగా బండి పక్క గోడ అంచుకు ఆనించి, మెడ ఒక వైపు వంచి లోపలికి కుమ్మరించేస్తారు. చూడటానికి ఎంతో తేలిగ్గా ఉంటుంది. దానికి గోడ అంచు వాళ్ళ భుజానికి అందాలి. తారు రోడ్డు మీద మామూలు పికప్‌లకు అందేది.

అక్క వచ్చి బండి పక్కన నిలబడింది. గోడ అంచు ఆవిడ కళ్ళకు ఎదురుగా ఉంది. పైగా ఆవిడ పాదాలు ఇసుకలో చీలమండ దాకా దిగి ఉన్నాయి. మేం అంత కష్టపడి బండి దిగబడకుండా చేశాం. మనుషులు దిగబడతారని మాకు తోచలేదు. బండి ఎత్తు గురించి అన్ని రోజులు మాట్లాడుకున్న మాలో తలమీద తట్ట పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు.

ఆవిడ తట్ట తలమీద అలాగే ఉంచుకుని, మెడ కదపకుండా, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"ఏవండీ, ఈ గోడ ఎవరి ఎత్తుకు కట్టేరండీ?"

వెనక తలుపు తీస్తే సరిపోతుందన్నాడు మా ఫిట్టరు. తీశారు. కింద పరిచిన ఐసు, దానితో పాటు ఇంకొకావిడ పోసిన తట్ట చేపలు జారి ఒడ్డున పడ్డాయి. తలుపు మూసేశారు. పాటదారు గొడుగు కింద నుంచి లారీ ఆగదని కేకేశాడు. ట్రాక్టరు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి, ఎత్తు తక్కువున్న తన ట్రాలీని వెనక్కి తేవడం మొదలుపెట్టాడు. గల్ఫ్ ఆయన బండి దిగి వచ్చి గోడ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన చేతికి అది చక్కగా అందింది. అది చూసుకునే కాబోలు, చెయ్యి తీసేశాడు. కొత్తపేటావిడ మాత్రం భర్త ముఖమే చూస్తోంది. అంత మాటకారి మనిషి నోరు మూసుకుంటే నాకు భయమేసింది.

నాకు తెలిసిన విద్య ఒకటే కాబట్టి అదే చేశాను. అక్క దగ్గరకు వెళ్ళి, తట్టకు ఇంత అని పైన వేసి ఇస్తామని, కొంచెం ఎత్తి పొయ్యమని బేరం మొదలుపెట్టాను.

"కూలి పెంచితే మెడ పెరగదండీ" అంది అక్క.

నా సర్వీసులో నన్ను ఎందరో ఓడించారు. అంత తక్కువ మాటల్లో ఎవరూ ఓడించలేదు. వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వలేక నవ్వారు. నవ్వితే తట్టలు కదులుతాయి.

అప్పుడు కొత్తపేటావిడ కిందికి చూసింది. తన కాళ్ళూ ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. మనందరం దిగిపోయాం కదా అండీ, బండిని కూడా దింపేద్దామంది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ అప్పటికే వంగి చేతులతో వెనక చక్రం పక్కన ఇసుక తోడటం మొదలుపెట్టింది. అక్కకు అర్థమైంది. తట్టలు ఎత్తుకున్నవాళ్ళు అలాగే ఉండండని చెప్పి, ఉత్తచేతులతో ఉన్న వాళ్ళందర్నీ పిలిచింది. బోటులోంచి ఒక పలక తెచ్చారు. మా ఫిట్టరు తవ్వడానికి ఒక డబ్బా మూత తెచ్చాడు. నేను కూడా వంగాను కానీ ఎక్కువ పని చేశానని చెప్పలేను. వెనక చక్రాలకు కాస్త వెనగ్గా రెండు గోతులు తవ్వి, ముందుకు ఏటవాలుగా దారి తీశారు. ఆయన బండెక్కి, వెనక్కి చూసుకుంటూ, వెనక చక్రాలు రెండూ ఆ గోతుల్లోకి దింపాడు. బండి వెనక భాగం పొదిగే కోడిలా కూర్చుంది.

మా ఫిట్టరు ఆ దృశ్యం చూడలేక ఒడ్డున చతికిలబడ్డాడు. అంత చెమటోడ్చి ఎత్తాం, చేతులతో దింపేసేరండీ అన్నాడు.

అక్క ముందుకొచ్చి, తట్ట అంచుకు ఆనించి, మెడ వంచింది. చేపలు లోపల పడిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ వెనక ఇంకొకావిడ. ఆ వెనక ఇంకొకావిడ. ట్రాక్టరు వాడు ట్రాలీ ఎక్కడిదక్కడ ఆపేసి, దిగి వచ్చి చూస్తూ నిలబడ్డాడు.

కొత్తపేటావిడ చేతులకు అంటిన ఇసుక దులుపుకుంటూ నా దగ్గరకొచ్చింది. "బాబాయిగారూ, బండి ఇసుకలో దిగిందండి. టైర్లు వెనక్కి తీసుకుంటానన్నారు" అంది. ముఖంలో నవ్వు లేదు. నా ప్రాణం ఒక్క క్షణం మా షావుకారుగారి దగ్గరకు వెళ్ళి వచ్చింది. దానంతట అది దిగితే నాది పూచీ, ఊరంతా కలిసి గొయ్యి తవ్వి దింపితే నాకేం సంబంధం అమ్మా అన్నాను. అప్పుడు నవ్వింది. ఆ రోజు పొద్దున్నుంచి మొదటిసారి.

నిండు లోడుతో బండి ఆ గోతుల్లోంచి పైకి వస్తుందా అన్నది ఇంకా మిగిలే ఉంది. ఆయన మొదటి గేరు వేసి చాలా నిదానంగా వదిలాడు. చక్రాలు ఒకసారి అక్కడే తిరిగాయి. ఆయన తొక్కలేదు. ఆపి, మళ్ళీ వదిలాడు. పరుచుకున్న ఆ పెద్ద టైర్లు ఏటవాలు దారి పట్టుకుని పైకి వచ్చాయి. బండి రోడ్డెక్కేదాకా ఆవిడ దాన్ని చూడలేదు. కళ్ళు మూసుకుని నిలబడింది. పక్కనున్న అక్క, ఎక్కిందమ్మా, కళ్ళు తెరువు అని చెప్పవలసి వచ్చింది.

రోజూ గోతులు తవ్వుకుంటూ వ్యాపారం చెయ్యలేరు కదా. తర్వాత కొద్దిరోజులకే బండి మళ్ళీ మా కొట్టు ముందు ఆగింది. ఈసారి ముగ్గురు దిగారు. అక్కను కూడా వెంటబెట్టుకొచ్చారు. మా షావుకారుగారు స్వయంగా లేచి తన కుర్చీ ఆవిడకు వేసి, కూల్‌డ్రింకు తెప్పించారు. నేను ఆ కొట్లో ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వడం చూడలేదు.

మేస్త్రి వచ్చి నాలుగు వేళ్ళ దిమ్మలు తీసేసి, సన్నవి పెట్టాడు. అక్క ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ తట్ట తలమీద పెట్టుకుని, చెప్పులు విప్పి, బండి పక్కన నిలబడింది. మెడ వంచి చూసి, ఇంకొంచెం అంది. మేస్త్రి మళ్ళీ విప్పాడు. ఇసుకలో కాళ్ళు దిగేది కూడా లెక్కలో వేసుకోండని గుర్తుచేసింది. మళ్ళీ విప్పాడు. టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఎంత కావాలో అంతే మిగిలింది. మూడోసారి ఆవిడ తట్ట ఆనించి, వంచి, ఆయ్, ఇక్కడ అంది.

కుర్రాళ్ళు నన్ను టైరు సైజులు అడుగుతారు, దిమ్మల మందం అడుగుతారు. అవి మీ ఫిట్టర్లు చెబుతారు. నేను చెప్పేది ఒకటే. బండి కొనేవాడు మీ కొట్టుకు తనంతట తనే వస్తాడు. లోడు ఎత్తేవాళ్ళు రారు. పిలిపించుకోండి. కుర్చీ వెయ్యండి.

ఆ రోజు అక్క చెప్పిన ఎత్తు దగ్గర మేస్త్రి నట్లు వేళ్ళతో తిప్పి వదిలి, స్పానరు కోసం చూస్తున్నాడు. నేను గల్ఫ్ ఆయన పక్కకు చేరి, మరి గల్ఫ్ ప్రయాణం ఏమైందండీ, ఏజెంటుకు ఏం చెప్పేరు అని మెల్లగా అడిగాను. ఆయన వంగి, బండి కింద ఉన్న మేస్త్రికి స్పానరు అందించాడు.

"గట్టిగా బిగించెయ్యండి మేస్త్రిగారూ. మళ్ళీ విప్పే పని లేదు."

కొత్తపేటావిడ కొట్టు మెట్టు మీద నిలబడి ఆ మాట విన్నది. నేను బిల్లు రాసి ఇచ్చాను. ఆవిడ బేరమాడుతుందని ముందే తెలుసు కాబట్టి కూలి కాస్త పెంచే రాశాను. ఎలా మొదలుపెడుతుందో, నేను ఎక్కడ దిగాలో, చెప్పుల దాకా వెళితే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆవిడ కాగితం వైపు చూడను కూడా చూడకుండా డబ్బు నా చేతిలో పెట్టేసింది.

పెంచి రాసిందంతా నేనే లెక్కగట్టి, ఆవిడ వెంటపడి తిరిగి ఇవ్వవలసి వచ్చింది.